మిషను తిరుగుతోంది, తలుపు తియ్యకండి

ఆస్పత్రి లాండ్రీలో ఆ రోజు జరిగిన తగాదా గురించి మడతలమ్మ ఇప్పటికి నూరుసార్లైనా చెప్పి ఉంటుంది. ఇంకోసారి చెప్పమంటే కాళ్ళు బారజాపుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. ఎందుకు చెప్పదు? అందులో గెలిచింది ఆవిడ మేనకోడలు మరి.

లాండ్రీ ఆస్పత్రి అడుగు అంతస్తులో ఉంటుంది. దాన్ని ఆనుకుని బట్టల స్టోరు. స్టోరుకీ వరండాకీ మధ్య గోడలో ఒక కిటికీ, కిటికీకి మోచేతి ఎత్తున స్టీలు గట్టు. వార్డుల నుంచి మాసిన దుప్పట్లు, గౌన్లు మూటలై వచ్చి ఆ గట్టు మీద పడాలి. ఉతికి, ఆరి, మడతపడ్డాక ఆ గట్టు మీదుగానే పైకి పోవాలి. గట్టుకి ఇవతల కూర్చునే మనిషి తాళాలక్క. స్టోరులో ఉన్న తాళాలన్నీ ఆమె నడుముకి వేలాడే గుత్తిలోనే ఉంటాయి. అందుకని లాండ్రీ అంతటికీ ఆమె తాళాలక్క. ఆమె మేనత్త ముప్పై ఒక్క ఏళ్ళు అదే లాండ్రీలో మడతల బల్ల దగ్గర నిలబడింది కాబట్టి ఆవిడ మడతలమ్మ. ఇద్దరి అసలు పేర్లూ జీతాల కాగితంలో మాత్రమే ఉండేవి.

ఆ రోజు ఉతికే మనిషి చేతిలో సూది దిగింది. మాసిన గౌను జేబులో ఎవరో మర్చిపోయిన సూది. తాళాలక్క ముందు ఆ మనిషిని డాక్టరు దగ్గరికి పంపింది, తర్వాత మూడో అంతస్తుకి కబురు పెట్టింది. మూడో అంతస్తు పెద్ద నర్సమ్మ మెట్లు దిగుతూనే అరుపు మొదలుపెట్టింది.

"జేబులు చూసుకోవడం మీ పని కాదూ? ఉతికేది మీరా, మేమా?"

"ఉతికేది మేమేనమ్మా," అంది తాళాలక్క, కూర్చున్నచోటి నుంచి లేవకుండా. "గట్టుకి అటున్నంతసేపు బట్ట మీది. ఇటు వచ్చాక మాది. మరక పోలేదా, నన్నడగండి. మిషన్లో చిరిగిందా, నన్నడగండి. జేబులో ఏం పెట్టి పంపారో అది మాత్రం నన్నడక్కండి. అది మీ చేతుల్లో జరిగింది."

"నాకు చెప్పేంతదానివయ్యావా! ఆ మూట మా అంతస్తుదేనని ఏమిటి రుజువు?"

తాళాలక్క రిజిస్టరు తిప్పి గట్టు మీద పెట్టింది. మూటకి కట్టిన పసుపు పట్టీ దాని పక్కన పెట్టింది. పసుపు మూడో అంతస్తుది. పట్టీ మీద నంబరు, రిజిస్టర్లో నంబరు ఒకటే. ఎదురుగా సంతకం పెద్ద నర్సమ్మదే. పొరుగింటావిడ సంతకాన్ని చూసినట్టు చూసింది ఆవిడ తన సంతకాన్ని.

అక్కడితో ఆగి ఉంటే అది మామూలు గెలుపే. తాళాలక్క ఆగలేదు. బీరువా తెరిచి రెండు దుప్పట్లు తీసి గట్టు మీద పెట్టింది. "నిన్న మీకు పంపినవాటిలో రెండింటికి మందు మరక పోలేదని చీటీ రాశారు. నిజమే, అది మా తప్పు. ఇవి తీసుకెళ్ళండి. మా తప్పుకి మేం జవాబు చెప్పాం. సూదికి మీరు చెప్పండి."

పెద్ద నర్సమ్మ దుప్పట్లు చంకన పెట్టుకుని వచ్చిన దారినే పోయింది. మర్నాటి నుంచి ప్రతి అంతస్తులోనూ మూట కట్టేముందు జేబులు చూడాలని బోర్డు పడింది. ఆ బోర్డు రాయించింది పెద్ద నర్సమ్మే.

మడతల బల్ల దగ్గర దిండు గలీబు సగం మడతతో పట్టుకుని ఇదంతా చూసిన మడతలమ్మ, పక్కనున్న మనిషితో అంది: "మా ఇంట్లో నోరు నాకొక్కదానికే దక్కిందనుకున్నాను. దీనికి నోటితో పాటు రిజిస్టరు కూడా దక్కింది."

ఇది ఆరేళ్ళ కిందటి మాట. ఆ ఏడాదే మడతలమ్మ పని నుంచి విరమించుకుంది. మేనకోడలి ఇంట్లోనే ఉంటోంది. చెప్పాలంటే మేనకోడలే ఆవిడ ఇంట్లో పెరిగింది. అన్నా వదినా ఒకరి వెనక ఒకరు పోయాక తొమ్మిదేళ్ళ పిల్లని తెచ్చుకుని, పెంచి, పన్నెండో తరగతి దాకా చదివించి, లాండ్రీలో పనికి పెట్టించి, ఒక బస్సు డ్రైవరుకిచ్చి పెళ్ళి చేసింది. ఆవిడకి పెళ్ళి లేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "అడిగినవాళ్ళెవరూ నా మడతకి సరిపోలేదు," అంటుంది. చదువు మూడో తరగతి. అదీ సగమే.

వాళ్ళది ఊళ్ళో ఒక మేడ మీద రెండు గదుల ఇల్లు. డ్రైవరు మాటల మనిషి కాదు. రోజంతా బస్సులో జనం అరుపులు విని, ఇంటికొచ్చి ఈ ఇద్దరు ఆడవాళ్ళ మాటలు వినడమే తన విశ్రాంతి అనుకునే రకం.

మొన్న చలికాలం మొదట్లో ఒక సాయంత్రం తాళాలక్క ఇంటికొచ్చి సంచీ కూడా దించకుండా కుర్చీలో కూలబడింది.

"కిటికీ మూసేస్తారట అత్తా," అంది.

"చలికాలం కదా, మూస్తే మంచిదేగా."

"ఆ మూయడం కాదు. ఇంక ఆస్పత్రికి సొంత దుప్పట్లు ఉండవట. ఏ రోజుకి ఎన్ని కావాలో అన్ని బయటి కంపెనీ వాళ్ళు తెచ్చిస్తారట. మాసినవి వాళ్ళే పట్టుకుపోతారట. స్టోరూ ఉండదు, లాండ్రీ కూడా మెల్లగా తీసేస్తారు. నన్ను ఊరవతల గిడ్డంగికి పంపుతామన్నారు."

గిడ్డంగికి రెండు బస్సులు మారాలి. అక్కడ చేసే పని అట్టపెట్టెల మీద చీటీలు అంటించడం. పదహారేళ్ళు ఆ గట్టు దగ్గర కూర్చుని నాలుగు అంతస్తుల ఆస్పత్రిని వేలి మీద నిలబెట్టిన మనిషి చీటీలు అంటించాలి. మడతలమ్మ ముఖం కందగడ్డైంది.

"ఇంకేం దారీ లేదా?"

ఒకటుంది. ఆస్పత్రి కంప్యూటరు విభాగంలో సహాయకురాలి పోస్టు ఒకటి ఖాళీ. లోపలివాళ్ళకే ఇస్తారు. కాకపోతే క్లౌడు పరీక్ష, అందులో అన్నిటికంటే కింది మెట్టుది, పాసైన కాగితం చూపించాలి. దరఖాస్తుకి గడువు పది వారాలు. తాళాలక్క అప్పుడే కంప్యూటరు సారు దగ్గరికి వెళ్ళి అడిగి వచ్చింది.

"ఏమన్నాడు?"

"దుప్పట్లు లెక్కపెట్టడం కాదమ్మా ఇది, అన్నాడు."

మడతలమ్మ లేచి నిలబడింది. "దుప్పట్లు లెక్కపెట్టడం ఆయనకి వచ్చా?"

"రాదులే."

"అయితే ఆయనకి రానిది నీకు వచ్చు. ఇంక నీకు రానిది ఒకటే మిగిలింది. రేపటి నుంచి మొదలెట్టు."

మొదలుపెట్టడానికైతే పెట్టింది గానీ, మొదటి రెండు వారాలు అది చదువు కాదు, తంటా. పుస్తకం తెరుస్తుంది, పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఫోన్లో పాఠం వినడానికి కూర్చుంటుంది, ఆ ఫోన్లోనే ఎవరో పెళ్ళి ఫోటోలు పెడతారు, ఆ ఫోటోల్లో ఎవరు లావయ్యారో చూసేసరికి గంట గడుస్తుంది. డ్రైవరు, "నా మేజోళ్ళు..." అంటాడు. తాళాలక్క లేచి వెతుకుతుంది.

మూడో వారం ఆదివారం మడతలమ్మ ఇస్త్రీ బల్లని కిటికీ పక్కకి లాగి, దాని మీద దుప్పటి తీసేసి, పుస్తకం పెట్టింది.

"లాండ్రీలో పెద్ద మిషను ఎంతసేపు తిరుగుతుందే?"

"ముప్పై ఐదు నిమిషాలు."

"మధ్యలో తలుపు తీస్తావా?"

"తీస్తే నీళ్ళన్నీ నేల మీదేగా."

"ఆస్పత్రి సూపరింటెండెంటు వచ్చి తియ్యమంటే?"

"ఆయన నాన్న వచ్చి తియ్యమన్నా తియ్యను."

"అదీ! నీ చదువూ అంతే. కూర్చున్నావంటే ఒక మిషను. అది అయ్యేదాకా తలుపు తియ్యకూడదు. నేను గడియారం చూస్తాను. ఫోను నాకివ్వు."

ఫోను బియ్యం డబ్బాలోకి పోయింది. ఆ రోజు నుంచి ఇంట్లో చదువుకి కొలత గంటలు కాదు, మిషన్లు. పొద్దున్నే డ్యూటీకి ముందు రెండు మిషన్లు, మధ్యాహ్నం స్టోరులో భోజనం వేళ సగం మిషను, సాయంత్రం ఒకటి. డ్రైవరు మేజోళ్ళ కోసం నోరు తెరిచేలోపే మడతలమ్మ గుమ్మంలోంచి వేలు చూపించేది. "మిషను తిరుగుతోంది." అతను వట్టి కాళ్ళకే బూట్లు తొడుక్కుని పోయేవాడు. నాలుగో రోజుకి తన మేజోళ్ళు ఎక్కడుంటాయో తనే కనుక్కున్నాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళకి.

డ్రమ్మును ఎప్పుడూ కుక్కకూడదని లాండ్రీలో అందరికీ తెలుసు. మూడొంతులు నింపి ఒక వంతు వదిలితేనే బట్ట తిరుగుతుంది, మురికి వదులుతుంది. తాళాలక్క ఆత్రంగా ఒక్కో పూట నాలుగేసి పాఠాలు ముందేసుకుంటే, మడతలమ్మ ఒకటి తీసి పక్కన పెట్టేసేది. "కుక్కితే తడుస్తాయే గానీ శుభ్రపడవు." పైగా ఎక్కువ మరకున్నదాన్ని ముందు నానబెట్టాలిగా, అందుకని తెల్లారి మొదటి మిషనుకి ఎప్పుడూ మింగుడుపడని పాఠమే.

అయితే ఆవిడ అసలు చేసిన పని ఇది కాదు. మిషను ఆగగానే ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేది. "ఇప్పుడు చెప్పు. నాకర్థమైతేనే నీకొచ్చినట్టు."

"మన కంప్యూటర్లు మన దగ్గర ఉండవు అత్తా. ఎక్కడో పెద్ద పెద్ద భవనాల్లో ఉంటాయి. మనకి ఎంత కావాలంటే అంత వాడుకుంటాం, అక్కర్లేదంటే వదిలేస్తాం."

"మరి మబ్బని ఎందుకన్నారు?"

"ఎక్కడుందో మనకి కనపడదు కాబట్టి."

"మబ్బు కనపడకపోవడమేమిటే? తలెత్తితే కనపడేదే మబ్బు. ఎవడు పెట్టాడు ఆ పేరు? సరే, ముందుకు పో."

తాళాలక్క ముందుకు పోయేది. ఎవరికి ఏ తాళం ఇవ్వాలన్న పాఠం వచ్చినప్పుడు, "ఊడ్చేవాళ్ళకి గది తాళం ఇస్తాం గానీ మందుల బీరువా తాళం ఇవ్వం, అంతే అత్తా," అనగానే మడతలమ్మ తలూపింది. అర్థం కాకపోతే మాత్రం ఆవిడ ముఖం గోడే. ఒకే సమాచారాన్ని మూడు చోట్ల ఎందుకు దాస్తారో చెప్పడానికి తాళాలక్కకి మూడు రోజులు పట్టింది. డ్రైవరు పాపం జాలిపడి, "పెద్దమ్మకి అర్థమైందిలే, వదిలేయ్," అన్నాడు ఒకసారి.

"నాకర్థం కాలేదు," అంది మడతలమ్మ. "అర్థమైనట్టు తలూపడానికి నేను నీ బస్సులో ప్రయాణికురాలిని కాను."

ఒక రోజు మధ్యలో తాళాలక్క ఆగిపోయింది, పుస్తకంలో వేలు పెట్టి. "ఇది చూడత్తా. కావలసినంతే తెప్పించుకోవడం, వాడినంతకే డబ్బు కట్టడం. మా కిటికీ మూయించేది కూడా ఇదే పద్ధతి కదా."

"నీ కిటికీ మూసినవాడెవడో తెలిసింది కదా," అంది మడతలమ్మ. "ఇంక వాడి గుట్టంతా చదువు."

ఏడో వారానికి పుస్తకం రెండుసార్లు అయింది. నమూనా పరీక్షలు మొదలుపెట్టింది. వందకి డెబ్బై వస్తే పాసు. మొదటిదానికి అరవై ఒకటి. రెండోదానికి యాభై తొమ్మిది. మూడోదానికి అరవై రెండు. నాలుగోది కూడా అక్కడక్కడే. అసలు పరీక్షకి తేదీ తీసుకుంది. గడువులోపు దొరికినది ఆ ఒక్క తేదీయే. అందులో పోతే ఇంక గిడ్డంగే. పన్నెండు రోజులుంది.

తాళాలక్క మంచం మీద వెల్లకిలా పడుకుంది. "నాకు రాదత్తా. సారు చెప్పింది నిజమే. నాది దుప్పట్ల బుర్ర."

"దుప్పట్ల బుర్రతోనే లే," అంది మడతలమ్మ. "తప్పు పోయిన ప్రశ్నలన్నీ ఒక్కోటి ఒక్కో చీటీ మీద రాయి."

నూట యాభై ఎనిమిది చీటీలయ్యాయి. మడతలమ్మ వాటిని మంచం మీద పరిచింది. లాండ్రీలో మరకపడ్డ బట్టల్ని చేసినట్టే: మందు మరక ఒక కుప్ప, రక్తం మరక ఒక కుప్ప, తుప్పు మరక ఒక కుప్ప. "ఇవి ఏ మరకకి ఆ మరక వేరు చెయ్యి."

తాళాలక్క వేరు చేసింది. పేర్లు తారుమారైనవి ఒక కుప్ప, చిన్నది. తొందరపాటువి ఒక కుప్ప, అదీ చిన్నదే. మూడోది మాత్రం మిగతా రెండూ కలిపినంత ఉంది.

"ఇందులోంచి ఒకటి చదువు."

"ఒక దుకాణంలో గొడుగులమ్ముతారు. వానాకాలం వాళ్ళ వెబ్‌సైటుకి పదింతలు జనం వస్తారు. వాళ్ళేం చెయ్యాలి? ఎక్కువ జనం వచ్చే రోజుకి సరిపడా కంప్యూటర్లు ముందే కొని ఉంచుకోవాలా, వాన మొదలయ్యాక కావలసినన్ని తీసుకుని, తగ్గాక వదిలేయాలా?"

"నువ్వేం రాశావు?"

"ముందే కొని ఉంచుకోవాలని."

"ఇంకోటి."

ఇంకోటీ అంతే. ఆ తర్వాతదీ అంతే. ప్రతి ప్రశ్నలోనూ తాళాలక్క ఎంతో కొంత అదనంగా దాచి ఉంచమనే రాసింది.

"ఎందుకే అన్నిటికీ దాచమంటావు?"

"దాచొద్దా మరి? ఆ రోజుకి లేకపోతే? నువ్వే కదా అత్తా..."

అని ఆగింది. మడతలమ్మ చేతిలో చీటీ మంచం మీద పెట్టేసింది.

నిజమే. ఆవిడే. పదహారేళ్ళ కిందట, మేనకోడలు స్టోరులో చేరిన మొదటి వారం, చెవిలో చెప్పిన మాట: పది వస్తే తొమ్మిది పంపు, ఒకటి దాచు. అడుగు అరలో పాత తెరల వెనక నలభై దుప్పట్లు ఎప్పుడూ ఉండాలి, ఆ సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదు. ఒకసారి బాయిలరు చెడి రెండు రోజులు ఉతుకు ఆగినప్పుడు ఆ దాచిన దుప్పట్లే ఆస్పత్రి పరువు కాపాడాయి. సూపరింటెండెంటు కిందికి దిగొచ్చి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు మీదే మడతలమ్మ మిగతా ఉద్యోగమంతా తలెత్తుకుని తిరిగింది.

మర్నాడు ఆవిడ మేనకోడలితో పాటు ఆస్పత్రికి బయల్దేరింది. కాపలాదారు, "ఏంటి మడతలమ్మా, మళ్ళీ చేరతావా?" అన్నాడు. "నిన్ను ఉతికిపెట్టమంటే చేరతా. ఆ చొక్కా చూడు," అని లోపలికి నడిచింది.

స్టోరులో అడుగు అర ముందు ఇద్దరూ చతికిలపడ్డారు. పాత తెరలు పక్కకి తీశారు. నలభై దుప్పట్లు, అంచుకి అంచు, ఆవిడ చేతి మడతలే. ఆ మడతని ఆవిడ ఎక్కడైనా గుర్తుపడుతుంది. పైన ఉన్నదాన్ని తీసి విదిలించింది. మడత ఉన్నచోటల్లా పసుపు గీత. గీత పొడవునా చిరుగు. రెండోదీ అంతే. పదోదీ అంతే. బాయిలరు చెడ్డ ఏడాది తర్వాత వాటిని ఎవరూ తియ్యలేదు, ఎవరి మీదా కప్పలేదు.

మేనకోడలు ఆవిడ ముఖం వంక చూడకుండా దుప్పటి అంచు పట్టుకుని కూర్చుంది.

మడతలమ్మ ముక్కు తుడుచుకుంది. "దుమ్ము," అంది. తర్వాత, "చూడవే. నా కాలంలో అడగ్గానే ఇచ్చేవాడు లేడు. ఒక దుప్పటికి చీటీ రాస్తే అది కదలడానికి నెల. అందుకని దాచాను. దాచడం తప్పు కాదు. ఆ మబ్బులో అడగ్గానే ఇచ్చేవాడున్నాడా?"

"ఉన్నాడత్తా. నిమిషాల్లో ఇస్తాడు."

"అక్కర్లేదంటే తిరిగి తీసుకుంటాడా?"

"తీసుకుంటాడు."

"ఖచ్చితంగా?"

"ఖచ్చితంగా."

"అయితే ఇంకెందుకు దాస్తావు, తెలివితక్కువదానా? వదిలెయ్!"

నలభై దుప్పట్లనీ ఇద్దరూ కలిసి తుడుపుగుడ్డల కింద చింపేశారు. ముప్పై ఒక్క ఏళ్ళు బట్ట చిరగకుండా చూసుకున్న చేతులు మొదటి దుప్పటి దగ్గర కాస్త తడబడ్డాయి. పదో దుప్పటికి ఊపందుకున్నాయి. చివరికొచ్చేసరికి, "ఇంకా ఉన్నాయా?" అంది ఆవిడ.

ఆ సాయంత్రం రాసిన నమూనా పరీక్షలో డెబ్బై నాలుగు వచ్చింది. ఆ వారాంతానికి ఎనభై.

పరీక్ష గది ఒక బూట్ల దుకాణం పైన. గుమ్మంలో బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి, వెంట ఉన్నవన్నీ చిన్న అరలో పెట్టి తాళం వేసుకోవాలని చెప్పింది. సంచీ పట్టింది, ఫోను పట్టింది. తాళాల గుత్తి మాత్రం పట్టలేదు. ఆ అరలు ఫోన్లూ పర్సులూ ఉన్న జనం కోసం చేసినవి, ఆస్పత్రిని నడుముకి కట్టుకు తిరిగేవాళ్ళ కోసం కాదు. తాళాలక్క గుత్తి విప్పి అత్త ఒళ్ళో పెట్టింది. పదహారేళ్ళలో డ్యూటీ రోజున ఆ గుత్తి ఆమె నడుముకి లేకపోవడం అదే మొదటిసారి.

"పోయి రా," అంది మడతలమ్మ. "తలుపు తియ్యకు."

తొంభై నిమిషాలు. అంటే రెండున్నర మిషన్లు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద కూర్చుని మడతలమ్మ ఒక్కో తాళంచెవినీ తడిమి చూసింది. ఇది తువ్వాళ్ళది, ఇది పిల్లల వార్డు బట్టలది, ఇది ఆపరేషన్ గౌన్లది. పక్క కుర్చీలో టై కట్టుకున్న ఒకాయన తన వంతు కోసం కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. ఆవిడని చూసి నవ్వి, "మీ అమ్మాయి కూడా కంప్యూటర్ ఇంజనీరాండీ?" అన్నాడు.

"కాదు నాయనా. లాండ్రీలో బట్టల స్టోరు చూస్తుంది," అంది మడతలమ్మ. "మీరు ఎన్ని మిషన్లు చదివారు?"

ఆయనకి అర్థం కాలేదు. ఆవిడ విడమర్చనూ లేదు. చెప్పించుకోవడమే గానీ చెప్పడం తన పని కాదనుకుంది.

తలుపు తీసుకుని తాళాలక్క బయటికొచ్చింది. ముఖం మీద ఏమీ తెలియడం లేదు. వచ్చి ముందు గుత్తి తీసుకుని నడుముకి తగిలించుకుంది.

"ఏమైందే?"

"సూది వచ్చిందత్తా."

"ఏం సూది?"

"వాడుకునేవాళ్ళు తమ పాస్‌వర్డు ఊరంతటికీ తెలిసేలా వదిలేశారట. దాంతో సమాచారం పోయింది. జవాబుదారీ ఎవరిది, వాళ్ళదా, క్లౌడు కంపెనీదా అని. నాకు నవ్వాగలేదు. గట్టుకి అటుందిగా! పెద్ద నర్సమ్మ గుర్తొచ్చింది. అక్కడున్న కాపలా ఆవిడ వచ్చి, ఎందుకు నవ్వుతున్నావంది."

మర్నాడు మధ్యాహ్నానికి ఫోన్లో వచ్చింది: పాసు. వందకి ఎనభై మూడు. మడతలమ్మకి ఆ అంకెలు చదవడం వచ్చు. అయినా డ్రైవరు చేత మూడుసార్లు బిగ్గరగా చదివించుకుంది. అతను మూడోసారి చదివి, తనంతట తనే ఒక ముక్క కలిపాడు: "నా పెళ్ళానికి." అతను ఆ ఏడాది మాట్లాడిన అతి పెద్ద మాట అదే.

దరఖాస్తు మీద కంప్యూటరు సారు పిలిచి మాట్లాడాడు. కాగితం ఇటూ అటూ తిప్పి, "మీకు ఈ పనికి కావలసిన అనుభవం ఏముందమ్మా?" అన్నాడు. తాళాలక్క గుత్తి తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "పదహారేళ్ళు సార్. ఎవరికి ఏ తాళం ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఎవరు ఎప్పుడు ఏం తీసుకెళ్ళారు, తప్పు గట్టుకి ఎటువైపు జరిగింది. ఒక్క దుప్పటి పోలేదు, ఒక్క తాళం పోలేదు. మీ పుస్తకం నిండా ఉన్నది ఇదే సార్, పేర్లే కొత్తవి." సారు గుత్తిని జాగ్రత్తగా పక్కకి జరిపాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు, ఇంకో ప్రశ్న అడిగాడు, మూడో ప్రశ్నకి కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. ఒకటో తేదీ నుంచి కంప్యూటరు విభాగంలో చేరమని ఉత్తర్వు వచ్చింది. మడతలమ్మ ఆ ఉత్తర్వుని నాలుగు సమాన మడతలు వేసింది, ఏ అంచూ వెంట్రుకవాసి బయటికి రాకుండా.

చేరిన రెండో వారం తాళాలక్క సాయంత్రం ఇంటికొచ్చి, అత్త ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. నడుముకి గుత్తి లేదు. దుప్పట్ల కంపెనీ వాళ్ళకి అప్పజెప్పేసింది. చేతిలో ఒకే ఒక తాళంచెవి ఉంది.

"లాండ్రీలో ఐదుగురు ఆడవాళ్ళు వచ్చారత్తా నా దగ్గరికి. సూది గుచ్చుకున్న ఆవిడ కూడా. అక్కా, మేమూ రాస్తాం ఆ పరీక్ష, మాకు చెప్పు అన్నారు. సారుని అడిగాను. ఖాళీ అయిన స్టోరు గది వాడుకోమన్నాడు. రోజూ భోజనం వేళ, ఒక మిషను."

"మంచిదే. చెప్పు వాళ్ళకి."

"నేను చెప్తాను. కానీ నాకు చెప్పడమే వచ్చు. వాళ్ళకి వచ్చిందో లేదో తేల్చడం నా వల్ల కాదు, మొహమాటపడతాను. సరే సరే, వచ్చేసిందిలే అనేస్తాను."

"అంటే?"

తాళాలక్క ఆ తాళంచెవి అత్త అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"సోమవారం నువ్వు రావాలి. అందరికంటే ముందొచ్చి గది నువ్వే తెరవాలి. వాళ్ళు నీ ఎదురుగా కూర్చుని చెప్తారు. నీకు అర్థం కాకపోతే అర్థం కాలేదని ముఖం మీదే చెప్పాలి, ఎన్నిసార్లైనా సరే, ఏడ్చినా సరే. జాలిపడి తలూపకూడదు. ఇంకొకటత్తా. మిషను మొదలయ్యాక ఎవరొచ్చి కొట్టినా తలుపు తియ్యకు. సారు వచ్చినా సరే. నేనొచ్చినా సరే."